బాలిలో పెళ్ళి, డల్లాస్‌లో పురుడు, విమానం ఎక్కనంటున్న కొడుకు

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేర్లు తీసేసి, విషయం చెడకుండా కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 54 ఏళ్ళు. భర్తది చిన్న వ్యాపారం. పని మీద నెలకు రెండు సార్లయినా విశాఖకో బెంగళూరుకో విమానంలో వెళ్ళొస్తుంటారు. కూతురు పెళ్ళై డల్లాస్‌లో ఉంటోంది. ఫిబ్రవరిలో తొలికాన్పు. కొడుకు ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాడు.

డిసెంబర్‌లో ఆడపడుచు కూతురి పెళ్ళి. దాన్ని బాలిలో చేస్తున్నారు. పెళ్ళికూతురి వైపు నుంచే నలభై మందిని తీసుకెళ్తున్నారు, వచ్చే నెలలో అందరికీ కలిపి టికెట్లు బుక్ చేస్తారు. ఈమె భర్త పెళ్ళికూతురికి సొంత మేనమామ. కొడుకు మాత్రం రానని చెప్పేశాడు. చెప్పి ఊరుకోకుండా, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "మన ఫొటోల కోసం ఎవరో ఎండకు చావాలా?" అని రాశాడు. ఆడపడుచు ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. భర్త కొడుకుతో మాట్లాడటం మానేశారు. సర్దిచెప్పబోయిన అక్కతో "నీ పురిటికి కూడా అమ్మ రానక్కర్లేదు, అక్కడ హాస్పిటళ్ళు లేవా?" అనేశాడు. అక్క ఫోన్ పెట్టేసింది.

ఇది ఎక్కడ మొదలైందో తల్లికి తెలుసు. కిందటి వేసవిలో వాడు తన మేనమామ, అంటే ఆమె అన్నయ్య, ఊరు వెళ్ళాడు. ఆ చుట్టుపక్కల భూములను కొన్నేళ్ళ క్రితం విమానాశ్రయానికి తీసుకున్నారు. మేనమామకు జీడి, కొబ్బరి తోటలకు పరిహారం వచ్చింది, పట్నంలో ఇల్లు కట్టుకున్నారు. ఆ తోటనే నమ్ముకుని తరతరాలుగా పనిచేసిన కుటుంబానికి మాత్రం ఇప్పుడు తోటా లేదు, పనీ లేదు. ఆ ఇంటి అబ్బాయి వీడి ఈడువాడే, మేస్త్రి దగ్గర కూలికి పోతున్నాడు. వాడితో నాలుగు రోజులు తిరిగి వచ్చినప్పటి నుంచి వీడు రాత్రుళ్ళు సరిగా నిద్రపోవడం లేదు, ఏవేవో చదువుతున్నాడు.

"వాడు చెప్పేది నిజమేనా? పెళ్ళికి వెళ్తే తప్పు చేసినట్టా? పురిటికి వెళ్ళకుండా ఎలా ఉంటాను? మనం మానేస్తే విమానం ఆగుతుందా అంటారు మావారు. నాకు మోకాళ్ళ నొప్పులని అల్లుడు బిజినెస్ క్లాస్ టికెట్ తీస్తానంటున్నాడు, పొగ సంగతంటే చెట్లు నాటే సంస్థకు డబ్బు కట్టేద్దాం అంటున్నాడు. ఎవరి వైపు మాట్లాడినా మిగతావాళ్ళకు కోపం. ఇంకో భయం, వీడు ఎమ్మెస్‌కి కూడా వెళ్ళనంటాడేమో" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట విమానాల గురించి కాదు, మీ అబ్బాయికి నిద్ర పట్టడం లేదన్నది. ఇంట్లో వాడి మాటల్లోని పొగరే అందరికీ కనిపిస్తోంది. ఇరవై ఏళ్ళ పిల్లవాడు తన ఈడు కుర్రాడి బతుకు మారిపోవడాన్ని దగ్గరగా చూసి, దానికి కారణం వెతుక్కుంటూ తన ఇంటి దాకా వచ్చాడు. ఆ వెతుకులాటలో దొరికినవన్నీ అబద్ధాలేమీ కావు. అందుకే ముందు వాడి మాటల్లో నిజమెంతో చూద్దాం.

ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా సుమారు రెండున్నర శాతం. వినడానికి చిన్న అంకె. మీవారు ఇదే అంకె చూపించి వాడి నోరు మూయించగలరు కూడా. కానీ ఆ రెండున్నర శాతం ఎంతమంది వల్ల వస్తోందో చూస్తే లెక్క మారిపోతుంది. 2018 ప్రయాణాల మీద వేసిన ఒక అంచనా ప్రకారం ఆ ఏడాది ప్రపంచ జనాభాలో విమానం ఎక్కినవాళ్ళు దాదాపు 11 శాతమే. ప్రయాణికుల విమానాలు వదిలిన పొగలో సగం, జనాభాలో ఒక్క శాతం మంది ప్రయాణాలదే. పైగా కథ పొగతో అయిపోదు. ఎనిమిది, పది కిలోమీటర్ల ఎత్తున చల్లటి గాలిలో విమానం వెనక ఏర్పడే తెల్లటి చారలు ఒక్కోసారి మబ్బుల్లా పరుచుకుంటాయి. రాత్రిపూట అవి భూమి వేడిని పైకి పోనివ్వవు. ఇలాంటివన్నీ కలిపితే భూమి వేడెక్కడంలో విమానాల పాత్ర మూడున్నర శాతం దాకా ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. హైదరాబాద్ నుంచి బాలికి రానూపోనూ దాదాపు పది వేల కిలోమీటర్లు. ఎకానమీ సీటులో మనిషికి ముప్పావు టన్ను నుంచి టన్ను దాకా కార్బన్ డయాక్సైడ్. నలభై మందికి 30 నుంచి 40 టన్నులు. మన దేశంలో సగటు మనిషి వంట, కరెంటు, ప్రయాణం, వాడే వస్తువులు అన్నీ కలిపి ఏడాది పొడవునా బాధ్యుడయ్యేది సుమారు రెండు టన్నులకు. అంటే ఒక్క పెళ్ళి ప్రయాణం పదిహేను, ఇరవై మంది ఏడాది బతుకుతో సమానం. డల్లాస్‌కు రానూపోనూ అయితే మనిషికి, లెక్క కట్టే పద్ధతిని బట్టి, ఒకటిన్నర నుంచి రెండున్నర టన్నులు.

"ఎవరో ఎండకు చావాలా" అన్నది పెళ్ళివారి గ్రూపులో రాయాల్సిన మాట కాదు. కానీ గాలిలోంచి పుట్టిన మాటా కాదు. 2015 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్ళు, ముసలివాళ్ళు. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవాళ్ళ కుటుంబాలకు నాలుగు లక్షలు ఇస్తామంది. అంత మామూలైపోయింది ఆ చావు. ఫలానా విమానం వల్ల ఫలానా మనిషి పోయాడని ఎవరూ చెప్పలేరు, మీ అబ్బాయి కూడా. కానీ వేడి పెంచేవాళ్ళు ఒకరు, ఆ వేడికి కాలిపోయేవాళ్ళు ఇంకొకరు అన్న విషయంలో వాడి చూపు సరైనదే. మేస్త్రి దగ్గర కూలికి పోతున్న ఆ స్నేహితుడు రెండు దెబ్బలూ తింటున్నాడు. తోట పోయింది, ఎండలో పని మిగిలింది.

ఇంతవరకూ నేను వాడి పక్షమే. ఇక వాడు తప్పిన చోటు.

వాడు అన్ని ప్రయాణాలనూ ఒకే గాటన కట్టాడు. తెల్లవారుజామున శంషాబాద్ వెళ్ళి చూడమనండి. గల్ఫ్ విమానాల క్యూలో జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన కూలీలు ఉంటారు, కోనసీమ, కడప వైపు నుంచి కువైట్ ఇళ్ళలో పనికి పోయే ఆడవాళ్ళు ఉంటారు. రెండేళ్ళకోసారి పిల్లల ముఖం చూడటానికి వచ్చిపోతుంటారు. వాళ్ళకు విమానం ఎర్రబస్సే. స్వీడన్‌లో కొన్నేళ్ళ క్రితం విమానం ఎక్కడానికి సిగ్గుపడాలనే ఉద్యమం వచ్చింది. వారాంతపు సరదాకు దేశాలు దాటే జనం మధ్య ఆ మాటకు అర్థముంది. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఆ క్యూ మీద పెడితే క్రూరత్వమవుతుంది.

అక్కతో అన్న మాటా అలాంటిదే. అమెరికాలో హాస్పిటళ్ళు ఉన్నాయి. ఇంటికి వచ్చాక ఎవరున్నారు? అక్కడి కేంద్ర చట్టం హామీ ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. కుట్లు మానకుండానే లేచి పాలిచ్చి, వండుకుని, రాత్రంతా మేలుకునే తొలిచూలు తల్లి పక్కన అమ్మ ఉండాలా వద్దా అన్నది సరదా లెక్కలో పడే ప్రశ్న కాదు. మీరు డల్లాస్ వెళ్ళండి. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను అటూ ఇటూ చెప్పను.

ఎలా వెళ్తారన్న దాంట్లో ఆలోచించాల్సింది చాలా ఉంది. మీ ఉత్తరం చివరి పేజీలో, మీవారు కాన్పు సమయానికి రెండు వారాలు వచ్చి వెనక్కి వెళ్ళిపోతారని, మిమ్మల్ని తీసుకురావడానికి మళ్ళీ వస్తారని రాశారు. ఆ రెండో రాకపోకలు అవసరమా? వీల్‌చెయిర్ సాయం అడిగితే విమానాశ్రయాల్లో దగ్గరుండి గేటు దాకా చేరుస్తారు. భాష రాని ఎంతోమంది తల్లులు అలా ఒంటరిగానే వచ్చిపోతున్నారు. లేదా మీవారే వ్యాపారం ఎవరికైనా అప్పజెప్పి చివర్లో ఒక నెల వచ్చి, మీతో కలిసి తిరిగి రావచ్చు. అలా చేస్తే కాన్పు రోజున ఆయన అక్కడ ఉండరు. తండ్రిగా ఆయనకు అది లోటే, మీ అమ్మాయికీ లోటే. కాన్పుకు వచ్చి మిమ్మల్ని అక్కడ వదిలి వెళ్తే, తిరుగు ప్రయాణం మీరు ఒంటరిగా చేయాలి. ఏది తక్కువ బాధో మీ ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. విజిటర్ వీసా మీద సాధారణంగా ఒక విడతకు ఆరు నెలల దాకా ఉండనిస్తారు. మీ తర్వాత వియ్యపురాలు వెళ్ళే ఆలోచన ఉంటే, ముందే మాట్లాడుకుంటే మధ్యలో హడావిడిగా ఇంకెవరూ పరుగెత్తాల్సిన పని ఉండదు.

బిజినెస్ క్లాస్ సంగతి. ఆ సీటు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఎకానమీతో పోలిస్తే సుమారు మూడు రెట్ల భారం దాని మీద పడుతుంది. అల్లుడి ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. మోకాళ్ళ డాక్టర్‌ని ఒకసారి అడగండి. నడవా పక్క సీటు తీసుకుని, గంటకోసారి లేచి నడిస్తే సరిపోతుందంటే ఎకానమీలో వెళ్ళండి. దారిలో దిగిన చోట ఒక రాత్రి ఆగి పడుకునే వీలుంటే ఇంకా మంచిది. డాక్టర్ వద్దంటే బిజినెస్ క్లాసే తీసుకోండి, దాని గురించి కొడుకు ముందు నేరం చేసినట్టు తల దించుకోకండి. ఒంటి అవసరం వేరు, హోదా వేరు.

ఇక చెట్లకు డబ్బు. చెట్టు పెరిగి ఆ పొగను పీల్చుకోవడానికి పదుల ఏళ్ళు పడుతుంది. పొగ మాత్రం ఆ రోజే గాలిలో కలుస్తుంది. ఈలోగా చెట్టు ఎండిపోవచ్చు, కాలిపోవచ్చు, నరికేయవచ్చు. అడవుల పేరుతో అమ్మిన ఇలాంటి పథకాల్లో చాలావాటికి, చెప్పుకున్నంత ఫలితం లేదని పరిశీలనల్లో బయటపడింది. అల్లుడు ఇవ్వాలనుకుంటే ఇవ్వనివ్వండి, మంచి పనే. కానీ టికెట్టుకు రసీదులా దాన్ని జత చేసి, లెక్క చెల్లిపోయింది అనుకోవద్దు. అలా అనుకోవడం మొదలైతే మనిషి ఇంకో టికెట్టు కొంటాడు. అదే డబ్బు మీ పుట్టింటి ఊళ్ళో వేసవిలో చలివేంద్రానికో, కూలీలు పనిచేసే చోట నీడకో ఇస్తే, కనీసం ఎవరికి చేరిందో కళ్ళతో చూస్తారు.

బాలి దగ్గరే అసలు చిక్కు. ఇందులో నలిగేది మీ ఒక్కరే కాదు. మీవారు మేనమామ. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సిన మనిషి. ఆయన వెళ్ళకపోతే అది జీవితాంతం నిలిచిపోయే మాట అవుతుంది. కాబట్టి ఆయన వెళ్ళాలి, నా దృష్టిలో అందులో సందేహం లేదు. మీరు వెళ్ళాలా? ఇక్కడ రెండు దారులూ ఉన్నాయి. వెళ్తే ఆడపడుచుతో బంధం నిలుస్తుంది, కొడుకు కొన్నాళ్ళు ముభావంగా ఉంటాడు, అది తట్టుకోగలిగినదే. ఫిబ్రవరిలో అంత దూరం ప్రయాణం ఉంది, మోకాళ్ళు బాగాలేవు, బాలికి రాలేనని చెబితే అదీ అబద్ధం కాదు. కానీ ఆడపడుచు దాన్ని మీ అబ్బాయి మాటకు మీరు వత్తాసు పలికినట్టుగా తీసుకోవచ్చు. ఆ మాట తర్వాత, ఇప్పుడున్న వాతావరణంలో, ఆ అపార్థం తేలిగ్గా పోదు. మీ ఇద్దరి మధ్య ఎంత చనువుందో మీకే తెలుసు. చనువుంటే ఉన్నదున్నట్టు చెప్పండి. లేకపోతే వెళ్ళండి.

కొడుకును మాత్రం బలవంతం చేయకండి. మీ భర్త కోపంలో "రాకపోతే నాకు కొడుకే లేడు" లాంటి మాట ఏదైనా అనే లోపే మీరు ఆపాలి. తన ఒంటిని ఎక్కడికి తీసుకెళ్ళాలో నిర్ణయించుకునే వయసు వాడికి వచ్చింది. ఆ నిర్ణయంతో పాటు బాధ్యత కూడా తీసుకోమనండి. పెళ్ళి తర్వాత హైదరాబాద్‌లో రిసెప్షన్ ఉందని రాశారు. ఆ పనంతా వాడిని నెత్తిన వేసుకోమనండి. ఇక్కడ ఇంట్లో పెళ్ళికూతుర్ని చేసే రోజున పొద్దున్నే వెళ్ళి అత్తయ్య ఇంట్లో పందిరి పనులు చూసుకోమనండి. రాలేదన్న మాట మిగులుతుంది, కానీ రాకూడదనుకున్నాడన్న మాట పోతుంది. వాట్సాప్ గ్రూపులో రాసినదానికి మాత్రం వాడు అత్తయ్య ఇంటికి వెళ్ళి ఎదురుగా క్షమాపణ చెప్పాలి. తన అభిప్రాయానికి కాదు, కూతురి పెళ్ళి పెట్టుకున్న తల్లికి చావు మాట వినిపించినందుకు. అక్కకు కూడా అంతే, ఫోన్‌లో, తను ఒక్కడే.

టికెట్లు వచ్చే నెల అంటున్నారు కాబట్టి ఇంకో దారి కూడా మూసుకుపోలేదు. నలభై మంది వెళ్ళాలా? అమ్మానాన్నలు, తోబుట్టువులు, మేనమామ, పురోహితుడు కలిపి పదిహేను మంది బాలికి వెళ్ళి, మిగతావాళ్ళు రిసెప్షన్‌కు రావచ్చు. లేదా పెళ్ళే ఇక్కడ చేయవచ్చు. సముద్రమే కావాలంటే మనకు విశాఖ నుంచి సూర్యలంక దాకా తీరం ఉంది. పెళ్ళిపనుల్లో బతికే వంటవాళ్ళు, పూలవాళ్ళు, సన్నాయి మేళంవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు. బాలి ప్యాకేజీలో వాళ్ళెవరికీ చోటుండదు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అయితే ఈ మాట ఎవరు ఎత్తుతారన్నది ముఖ్యం. మీరు ఎత్తితే వదిన పెత్తనం అవుతుంది. మీ అబ్బాయి ఎత్తితే యుద్ధం. మీవారు, అన్నగా, చెల్లెలితో ఒంటరిగా, ఖర్చు దగ్గర మొదలుపెట్టి అడిగితే ఆవిడ వినవచ్చు. అడ్వాన్సులు ఇచ్చేసి, వియ్యాలవారు పట్టుబట్టిన ఏర్పాటైతే వినకపోవచ్చు. అప్పుడు ఒక్కసారితో వదిలేయమనండి.

"మనం మానేస్తే విమానం ఆగుతుందా?" అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మీ ఒక్క సీటు ఖాళీ అయితే రేపటి విమానం ఆగదు, నిజమే. కానీ ఏ దారిలో ఎన్ని విమానాలు నడపాలో కంపెనీలు సీట్లకున్న గిరాకీ చూసే నిర్ణయిస్తాయి. నలభై మంది ఒక గుంపుగా కదలడం గిరాకీయే, కదలకపోవడమూ కంపెనీలకు తెలిసే విషయమే.

ఇంకో సంగతి చెప్పాలి. మీ ఇంట్లో గొడవంతా బాలి చుట్టూ, డల్లాస్ చుట్టూ తిరుగుతోంది. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటిపోయిన ప్రయాణాల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మీవారి నెలవారీ విశాఖ, బెంగళూరు ప్రయాణాలు. నేల వదిలి పైకి ఎక్కేటప్పుడే విమానం ఇంధనం బాగా తాగుతుంది, అందుకే దగ్గర దూరాలకు కిలోమీటరు లెక్కన భారం ఎక్కువ. నెలకు రెండు సార్లు చొప్పున ఏడాదికి లెక్కేస్తే ఆ చిన్న ప్రయాణాలన్నీ కలిసి మీ డల్లాస్ రాకపోకలకు తక్కువేమీ కావు. మీ అబ్బాయి అక్క పురిటికి వెళ్ళక్కర్లేదన్నాడు కానీ నాన్న పని ప్రయాణాల ఊసే ఎత్తలేదు. వాడికీ తట్టి ఉండదు. అలవాటుగా చేసేది ఎవరి కంటికీ ఆనదు.

ఇక్కడ రైలుంది. సికింద్రాబాద్ నుంచి విశాఖకు 2023 జనవరి నుంచి వందేభారత్ నడుస్తోంది, దాదాపు ఎనిమిదిన్నర గంటలు. రాత్రికి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎప్పటి నుంచో ఉంది. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్‌కు కూడా 2023లోనే వందేభారత్ వచ్చింది. ఫ్రాన్స్‌లో రెండున్నర గంటల్లోపు రైలు ఉన్న కొన్ని దారుల్లో దేశీయ విమానాలను 2023లో చట్టంతో ఆపేశారు. మనకు అంత వేగం రైళ్ళు లేవు, అందుకే మీవారికి ఇది తేలిక అని చెప్పను. రాత్రి రైలంటే ఒక రాత్రి ఇంటికి దూరం, నడుము నొప్పి, వెయిటింగ్ లిస్ట్ టెన్షన్. పగటి రైలంటే ఒక రోజు వ్యాపారం పోతుంది. ముందు రోజే తెలిసిన పనులకు రైలు, అత్యవసరమైతేనే విమానం అనుకుంటే సగం తగ్గవచ్చు. కొన్ని పనులు వీడియో కాల్‌లో తేలిపోవచ్చు. కొడుకు చెబుతున్నదాన్ని తండ్రి విన్నాడనడానికి వాడికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఈ ఒక్క మార్పుతో ఇంట్లో మాటలు మళ్ళీ మొదలవుతాయని నాకు నమ్మకం. ఆయన ఒప్పుకోకపోతే కనీసం, పని కోసం తాను ఎక్కినప్పుడు లేని తప్పు పెళ్ళికి వెళ్తే ఎలా వచ్చిందని కొడుకునూ, రైలు ఉండగా ఎందుకు ఎక్కుతున్నానని తననూ అడుగుతారు.

మనం ఒక్కళ్ళం మానేస్తే ఏమవుతుందన్న మీవారి వాదనను నేను పూర్తిగా కొట్టిపారేయను. అమెరికాలో సగటు మనిషి ఏడాదికి సుమారు 14 టన్నుల భారం వేస్తాడు, మనం రెండు. అంతర్జాతీయ విమానాల పొగ ఏ దేశం పద్దులోనూ చేరదు. పొగ తగ్గించడానికి దేశాలు చేసుకున్న 1997 క్యోటో ఒప్పందం నాడే దాన్ని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థకు వదిలేశారు. పెరిగిన పొగకు బదులుగా వేరే చోట పొగ తగ్గించే పనులకు విమాన కంపెనీలు డబ్బు కట్టే పథకాన్ని ఆ సంస్థ 2016లో తెచ్చింది, అందులోకి మన దేశం 2027లో వస్తోంది. విమానయానం మీద 1944లో కుదిరిన షికాగో ఒప్పందంతో మొదలై దేశాల మధ్య కుదిరిన ఒడంబడికల వల్ల విదేశీ విమానాల ఇంధనం మీద దాదాపు పన్ను ఉండదు. మీ ఇంటి స్కూటర్ పెట్రోలు మీద ఉంటుంది. వాడేసిన వంటనూనె లాంటివాటితో చేసే కొత్త ఇంధనం వస్తోందని అంటారు, 2024లో అది ప్రపంచ విమాన ఇంధనంలో 0.3 శాతమే. కాబట్టి ఇది ఒక్క కుటుంబం త్యాగంతో తీరే విషయం కాదు. మీ అబ్బాయి ఆ బరువంతా ఒక్కడే మోస్తున్నట్టున్నాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోవడానికి అది కారణం కావచ్చు. వాడి పక్కన కూర్చుని, వాదించకుండా, ఆ ఊళ్ళో ఏం చూశాడో మొదటి నుంచి చెప్పమనండి. నిద్రలేమి ఇలాగే సాగి, చదువు, తిండి కూడా దెబ్బతింటుంటే కౌన్సిలర్‌కో డాక్టర్‌కో చూపించండి.

వాడికి చేయడానికి ఒక పనుంది. భోగాపురం విమానాశ్రయానికి 2015లో మొదట అనుకున్నది 15 వేల ఎకరాలు. ఊళ్ళు ఎదురు తిరిగాక అది మూడు వేల ఎకరాల లోపుకు దిగింది. ఎన్ని కుటుంబాల తోటలు దాంతో నిలిచాయో ఆలోచించమనండి. విమానాల వల్ల జరిగే నష్టం టికెట్టు దగ్గరే కాదు, భూమి దగ్గర, చట్టం దగ్గర కూడా తగ్గుతుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సెంటు భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్ళు అక్కడి పని మీదే బతికిన కూలీలు, కౌలుదారులు కూడా బాధిత కుటుంబాలే. మీ అన్నయ్యగారి తోటలో పనిచేసిన ఆ కుటుంబం పేరు జాబితాలో ఎక్కిందా? ఎక్కకపోతే ఎందుకు? భూమిని ఆ చట్టం కింద తీసుకున్నారా, ఒప్పందంతో కొన్నారా అన్నదాన్ని బట్టి హక్కు మారుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్హులకు ఉచితంగా సలహా ఇస్తారు. మీ అబ్బాయి ఆ స్నేహితుడిని వెంటపెట్టుకుని వెళ్ళి అడగవచ్చు. ఆలస్యమైపోయిందని చెప్పవచ్చు, ఏళ్ళు పట్టవచ్చు, ఏమీ రాకపోవచ్చు కూడా. మీ అన్నయ్యగారికి ఇబ్బందిగా ఉంటుంది, పాత విషయం ఎందుకు కెలుకుతున్నారంటారు. ఆయన సాక్ష్యం, పాత కూలి పుస్తకాలు ఉంటే అవి చాలా విలువైనవి. కాబట్టి ముందు మీరే ఆయనతో మాట్లాడి, తర్వాత పిల్లలను పంపండి.

చివరిగా ఎమ్మెస్. ఇప్పుడు వాడిని ఆ విషయం అడగకండి. గొడవల మధ్య అడిగితే వద్దనే అంటాడు, అన్నాక ఆ మాటకు కట్టుబడిపోతాడు. చదువు కోసం ఒకసారి వెళ్ళి రెండేళ్ళు ఉండి రావడం, ఏటా విహారానికి తిరగడం ఒకటి కాదని వాడికి వాడే తెలుసుకునే తెలివి ఉంది. ఇక్కడే ఐఐటీలోనో, సెంట్రల్ యూనివర్సిటీలోనో చదువుతానన్నా అది వాడి భవిష్యత్తు పాడవడం కాదు. పరీక్షలైపోయాక, మీరు డల్లాస్ నుంచి తిరిగొచ్చాక మాట్లాడండి. ఈలోగా మీవారి చేత చెల్లెలికి ఫోన్ చేయించడం మాత్రం ఆలస్యం చేయకండి, టికెట్లు బుక్ అయ్యాక ఆ మాటకు విలువ ఉండదు.